వెనక్కొచ్చిన సీసాలు

మూడో సీసా మూతమీద కరిగిన లక్క పోసి, ఇత్తడి ముద్ర నొక్కిపట్టింది ఫుడ్ ఇన్‌స్పెక్టరు కనకమహాలక్ష్మి.

మూడు సీసాల్లోనూ ఒకే కారం. మూలనున్న బస్తాలోంచి విజయకుమారి స్వయంగా తీసిచ్చిన కారం.

"ఒకటి ల్యాబుకి వెళ్తుందండీ. రెండు మా పై అధికారి దగ్గరుంటాయి. రిపోర్టు మీద మీకు నమ్మకం కుదరకపోతే, ఇంకో సీసా పై ల్యాబుకి పంపించమని కోర్టుని అడగొచ్చు. ఆ హక్కు మీకుంది."

విజయకుమారి తలూపింది. పన్నెండేళ్లుగా అమలాపురంలో ఆ షెడ్డు నడుపుతోంది. ఆవకాయ, మాగాయ, గోంగూర. సీసాల మీద అత్తగారి పేరు, అత్తగారి బొమ్మ. 'సూర్యావతి పచ్చళ్లు' అంటే కోనసీమలోనే కాదు, మద్రాసు ఎగుమతిదారు పుణ్యమా అని ఇంగ్లండులో కూడా నాలుగు దుకాణాల్లో తెలుసు. ఆ పేరు నిలిచింది మొన్న గురువారం వరకే. సీసాలు వెనక్కి తీయించేస్తున్నారంటూ ఆవేళ మద్రాసు నుంచి వచ్చిన ఫ్యాక్సు ఇంకా ఆమె భర్త కామేశ్వరరావు చొక్కా జేబులోనే ఉంది.

"సాక్షి సంతకం కావాలండీ. ఇరుగుపొరుగు ఎవరైనా..." అంది కనకమహాలక్ష్మి.

గేటు దగ్గర నిలబడి చూస్తున్న పక్కింటి వెంకటరమణమ్మ గారు ఒక్కసారిగా కొంగు సర్దుకున్నారు. "పొయ్యి మీద పాలున్నాయండీ," అంటూ వెళ్ళిపోయారు. ఎదురింటాయన కిటికీ తలుపు వేసుకున్నారు.

"నేనేత్తానండీ వేలిముద్ర," అంది బుజ్జమ్మ. షెడ్డు మొదలైన రోజు నుంచీ మామిడికాయలు కొట్టే మనిషి ఆవిడ. ముద్ర వేసి, బొటనవేలు చీరకి తుడుచుకుంటూ అడిగింది. "ఇంతకీ ఏటండీ అందులో ఉన్నది?"

కనకమహాలక్ష్మి కాగితాలు ఫైల్లో పెట్టుకుంది.

"ఒక రకం రంగు అమ్మా. బూటు పాలిషులో, మైనంలో కలిపే రంగు. తినే వస్తువులో కలపకూడదని చట్టం. ఒక పూట తింటే ఏమీ తెలియదు. ఏళ్ల తరబడి తింటే క్యాన్సరు రావచ్చని భయం. ఇంగ్లండులో అక్కడి ఆహార శాఖ వాళ్లు ఈ పచ్చడి పరీక్ష చేయించేరు. దుకాణాల్లోంచి సీసాలు తీయించేశారు. కొనుక్కున్నవాళ్లు తెచ్చి ఇచ్చేయండని పేపర్లో వేయించేరు. చాలామంది తెచ్చిచ్చేరట కూడాను."

"మా ఇంట్లోనూ ఇదే కారవండి," అంది బుజ్జమ్మ. "అమ్మగారు నెలనెలా ఇత్తారు. మనవలిద్దరూ అన్నంలో కలుపుకుని నూనేసుకుని తింటారు."

ఎవరి మొహమూ చూడకుండా విజయకుమారి బస్తా మూతి కట్టడం మొదలుపెట్టింది. ముడి పడలేదు.

"ఇప్పుడు చెప్పండి," కనకమహాలక్ష్మి గొంతు మారలేదు. "ఈ కారం ఎక్కడ కొన్నారు?"

విజయకుమారి నోరు తెరిచింది. ఆమెకంటే ముందు కామేశ్వరరావు అందుకున్నాడు.

"రాజమండ్రి మార్కెట్లోనండి. ఒక కొట్టనేం లేదు. ఎక్కడ ఎర్రగా కనబడితే అక్కడ."

"బిల్లులు?"

"చిల్లర కొనుగోళ్లు కదండీ. ఎవరిస్తారు?"

కనకమహాలక్ష్మి ఆయన్ని చూడలేదు. విజయకుమారినే చూస్తోంది.

"అమ్మినవాడి బిల్లు, సరుకు శుద్ధమైనదని వాడి హామీ ఉంటే చట్టం మిమ్మల్ని కాపాడుతుందండీ. అవి లేకపోతే ముద్దాయి మీరే. అది మీ సంగతి. నాకు కావలసింది ఇంకోటుంది. ఇంగ్లండులో ప్రతి సీసా ఏ దుకాణంలో ఉందో వాళ్లకి తెలుసు. ఈ కారం ఇక్కడ ఎంతమంది ఇళ్లలో ఉందో నాకు తెలియదు. అది మర పట్టించినవాడికే తెలుస్తుంది."

వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగింది.

"రేపు పదిహేనో తారీఖు. సెలవే. కానీ జెండా ఎగరేయడానికి ఆఫీసుకి వస్తాను. ఏడున్నరకి అక్కడుంటాను."

జీపు వెళ్ళిపోయింది.

"ఎందుకలా చెప్పేరు?" అంది విజయకుమారి.

కామేశ్వరరావు ఆర్టీసీ డిపోలో కంట్రోలరు. రోజుకి నూటయాభై బస్సుల వేళలు నోటిమీద చెప్పగల మనిషి. ఇప్పుడు మాట వెతుక్కుంటున్నాడు.

"మరేం చెప్పమంటావ్? రాజోలులో మా బావమరిది మరలోదండీ, తీసుకెళ్ళి లోపలెయ్యండీ అని చెప్పనా?"

"వాడికి తెలిసి చెయ్యలేదేమో."

"తెలిసి చేశాడో తెలియక చేశాడో కోర్టు అడగదు విజయా. అడిగినా నిన్నడుగుతుంది. నీ సీసా, నీ సంతకం."

"నా సీసా కాదు. అత్తయ్యగారి బొమ్మ."

లోపల గదిలో మంచం కిర్రుమంది. సూర్యావతమ్మ గారికి డెబ్బయ్యారేళ్లు. వినబడదని అందరూ అనుకుంటారు. కావలసినవి వినబడతాయి.

*

తమ్ముడు సత్యం మధ్యాహ్నం రెండు దాటాక వచ్చాడు. మోటారుసైకిలు స్టాండు వేయడం కూడా మరిచిపోయి గోడకి చేరేశాడు.

"బావగారు ఫోన్ చేశారు. రాజమండ్రి అని చెప్పేరట కదా. మంచిపని చేశారు," అన్నాడు వస్తూనే. "బస్తాలేమైనా మిగిలేయా అక్కా? చీకటి పడ్డాక వ్యాను పంపిస్తాను. వేరే కారం దింపుతాను."

విజయకుమారి అన్నం వడ్డించింది. తమ్ముడు ఎప్పుడొచ్చినా ముందు అన్నం పెట్టడం అలవాటు. తొంభైయారు తుఫానులో రాజోలు ఇంటి గోడ కూలి అమ్మ పోయింది. ఆ గోడ మట్టి రెండు చేతులతో తవ్వి అమ్మని బయటికి తీసింది సత్యమే. ఆనాటి నుంచీ వాడికి కాస్త జ్వరం వచ్చినా ఈమెకి అన్నం దిగదు.

వాడు ముద్ద కలుపుకునేవరకూ ఆగింది.

"ఆ రంగు నువ్వే కలిపేవా?"

సత్యం ముద్ద ఎత్తలేదు.

"ఫుడ్ కలరే అన్నాడక్కా. విజయవాడ నుంచి వస్తాడొకడు. డబ్బా మీద లేబులు కూడా లేదు. అందరి మరల్లోనూ అదే..."

"అందరి సంగతి కాదు. నువ్వు."

"కలిపేను."

కామేశ్వరరావు కుర్చీలోంచి లేచి, మళ్ళీ కూర్చున్నాడు.

"ఎన్నాళ్ల నుంచిరా?"

"పోయిన వేసవి నుంచి."

విజయకుమారి కళ్ల ముందు ఏడాదిపాటు తను కలిపిన జాడీలన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి. ఎంత ఎరుపు! చూసి ఎంత మురిసిపోయింది!

"మా షెడ్డుకేనా, ఇంకెక్కడికైనా వెళ్ళిందా?"

సత్యం కంచంలో మెతుకులు దగ్గరికి లాక్కున్నాడు.

"అడుగుతున్నాను సత్యం."

"సంతకి వెళ్తుంది. అక్కడక్కడా కొట్లకి. ఓ హాస్టలుకి కూడా."

"పిల్లల హాస్టలా?"

"ఆయ్."

అంత చిన్నమాట, అంత నెమ్మదిగా వాడి నోట ఎప్పుడూ రాలేదు.

"రేపు పొద్దున్నే నాతో రా," అంది విజయకుమారి. "ఆవిడ మంచి మనిషిలా ఉంది. మనమే చెబుదాం. ఎక్కడెక్కడికి వెళ్ళిందో నువ్వు చెబితే వాళ్లు వెనక్కి తీయించుకుంటారు."

"చెబితే నేను జైలుకెళ్తాను."

"చెప్పకపోతే ఆ పిల్లలు తింటారు."

సత్యం చెయ్యి కడుక్కోకుండానే లేచాడు. మొహం కందిపోయింది.

"మరి నువ్వో? పోయిన వేసవిలో మర దగ్గరికొచ్చి ఏమన్నావు? ఇంగ్లండు వాళ్లు ఎరుపడుగుతున్నారురా, ఈ కారం వెలవెలబోతోంది, ఇంకా ఎర్రగా కావాలి అని అనలేదూ? మిరపకాయ అంతకంటే ఎర్రగా ఉండదక్కా అన్నాను. ఎలా తెస్తావో నాకు తెలియదు, తే అన్నావు. తెచ్చేను. తెచ్చిననాడు ఎలా తెచ్చేవని నువ్వడగలేదు."

కామేశ్వరరావు భార్య వైపు చూశాడు. ఆ సంగతి ఆయనకి అప్పుడే తెలిసింది.

విజయకుమారి కూర్చున్న పీటమీంచి కదలలేదు. వాడన్న ప్రతి మాటా నిజమే. ఆ వేసవి మధ్యాహ్నం మరలో ఘాటుకి తుమ్ముతూ నవ్వుతూ అన్న మాటలు.

గది గుమ్మంలో చప్పుడైంది. సూర్యావతమ్మ గారు తలుపు పట్టుకుని నిలబడ్డారు.

"ఆ సీసాల మీద నా మొహం ఉందమ్మాయ్," అన్నారు. "తెచ్చిచ్చేసినవాళ్లందరూ నా మొహం చూసే ఉంటారు."

"అమ్మా, నువ్వు లోపలికెళ్ళు," అన్నాడు కామేశ్వరరావు.

"వెళ్తానులే. ఒక్కమాట. బుజ్జమ్మ మనవళ్ల సంగతి నువ్వు ఆలోచించేవా నాన్నా, బస్సుల సంగతే కాకుండా?"

ఆవిడ వెళ్ళిపోయాక సత్యం ఎంగిలిచేత్తోనే బయటికి నడిచాడు. మోటారుసైకిలు మూడు తన్నులకి గాని అందుకోలేదు.

*

మర్నాడు తెల్లవారి ఆరింటికి ఫోను మోగింది. సత్యం భార్య వీరాయమ్మ.

"వదినగారూ, నేనండీ." గొంతు తగ్గించి మాట్లాడుతోంది. "మీ తమ్ముడు రాత్రంతా పడుకోలేదండీ. మరలో ఉన్న బస్తాలన్నీ వ్యానుకి ఎక్కిస్తున్నారు. సఖినేటిపల్లి రేవుకంట. వరద తీసి మొన్నటి నుంచే నది దాటించే పంటు తిరుగుతోంది కదండీ, అవతల నరసాపురంలో ఎవరో తెలిసినాయన గొడౌనుందట. నది దాటితే జిల్లా వేరు, ఆ ఇన్‌స్పెక్టరమ్మ అక్కడికి రావడానికి లేదంటున్నారు."

"నువ్వేమన్నావ్?"

"నేనేమంటానండీ. పిల్లల తండ్రి. కానీ మా చిన్నదానికి రెండేళ్లు. అదీ ఈ కారమే తింటోంది వదినగారూ."

ఫోను పెట్టేసింది.

విజయకుమారి చీర మార్చుకుని వచ్చేసరికి కామేశ్వరరావు వసారాలో నిలబడి ఉన్నాడు. విన్నాడు.

"వెళ్తున్నావా?"

"ఆయ్."

"వాడు నిన్ను మళ్ళీ గుమ్మం ఎక్కనివ్వడు."

"తెలుసండీ."

ఆయన జేబులోంచి ఫ్యాక్సు కాగితం తీశాడు. మూడు రోజుల చెమటకి మడతల దగ్గర అక్షరాలు చెదిరిపోయాయి. ఆమె చేతిలో పెట్టాడు.

"నిన్న నేను రాజమండ్రి అన్నది అబద్ధమని కూడా చెప్పు," అన్నాడు. "నన్ను చెప్పమంటే నోరు రాదు."

ఆఫీసు ముందు జెండా ఎగరేసి పిప్పరమెంటు బిళ్లలు పంచుతున్నారు. కనకమహాలక్ష్మి ఆమెని చూసి పక్కకి వచ్చింది. విజయకుమారి చెప్పిందంతా మధ్యలో ఆపకుండా వింది.

"నోటిమాట మీద బస్తాలు ఆపలేనండీ. రాసిచ్చి సంతకం చెయ్యాలి. జీపులో రాద్దురుగాని, ముందు ఎక్కండి."

దారి పొడుగునా స్కూళ్ల దగ్గర తెల్లచొక్కాల పిల్లలు. జీపు కుదుపులకి అక్షరాలు వంకరపోతుంటే విజయకుమారి రాస్తూనే ఉంది. కాగితం తీసుకుని చదువుతూ కనకమహాలక్ష్మి ఒకచోట ఆగింది.

"ఇదేంటండీ? 'ఎరుపు ఎక్కువ కావాలని నేనే అడిగాను' అని రాశారు."

"అడిగేనండి."

"ఈ ముక్క రాయక్కర్లేదు. నన్నెవరూ అడగమనలేదు, నేనూ అడగను. ఇది ఉంటే వకీలు మిమ్మల్ని బయటికి తీసుకురావడం కష్టం."

"ఆ ముక్క తీసేస్తే మా తమ్ముడొక్కడే మిగులుతాడండి."

కనకమహాలక్ష్మి ఆమె మొహంలోకి చూసింది. ఇంకేమీ అనకుండా కాగితం ఫైల్లో పెట్టింది.

*

రేవులో గోదావరి నిండుగా ఉంది. ఎర్రనీళ్లు రేవు మెట్లు సగం ముంచేసి పోతున్నాయి. పంటు మీదికి సైకిళ్లు, కొబ్బరి గెలలు, ఓ పెళ్లి బృందం ఎక్కుతున్నారు. వెనకాల వరసలో సత్యం వ్యాను.

జీపు ఆగడం చూసి సత్యం దిగాడు. ఇన్‌స్పెక్టరు వెనక అక్క దిగడం చూశాడు. అక్కడే ఆగిపోయాడు.

"ఈ బస్తాలు ఎవరివండీ?" అడిగింది కనకమహాలక్ష్మి.

డ్రైవరు నేల చూపులు చూస్తున్నాడు.

"మా తమ్ముడివండి," అంది విజయకుమారి. "మా రాజోలు మరలోవి. మా షెడ్డుకి వచ్చిన కారమూ ఇదేనండి."

చుట్టూ చేరిన జనంలో ఎవరో "సొంత అక్కట," అన్నారు.

సత్యం రెండడుగులు ముందుకొచ్చాడు. కొడతాడేమోనని జీపులో వచ్చిన అటెండరు అడ్డం రాబోయాడు. వాడు కొట్టలేదు. "అమ్మ ఉంటే ఇలా చేసేదా అక్కా?" అన్నాడు.

విజయకుమారి జీపు తలుపు పట్టుకుంది.

"నేను అడిగిన సంగతీ రాసిచ్చేనురా. ఎరుపడిగింది నేనేనని. ఇద్దరం కలిసే నిలబడదాం."

సత్యం ఆమె వంక వెర్రిగా చూశాడు. కనకమహాలక్ష్మి ఫైలు తెరిచి ఆ కాగితం వాడికి చూపించింది. జీపులో వంకరపోయిన అక్షరాలు. వాడు చదివాడు. మళ్ళీ చదివాడు. వ్యాను చక్రం పక్కన ఇసకలో చతికిలబడ్డాడు.

బస్తాలు దించడం మొదలైంది. అటెండరు ఒక్కొక్కదానికీ చీటీ కడుతున్నాడు. పంటు మీద పెళ్లివాళ్లు తొందరపడుతున్నారు.

"మేడమ్ గారూ," అన్నాడు సత్యం, నేల చూస్తూనే. "ఇవి ఎక్కడికీ పోవండి. వీటితో ఏముంది? నిన్న సాయంత్రం రెండు బస్తాలు ముందే దాటించేనండి."

"ఎక్కడికి?"

"నరసాపురం అవతల హాస్టలుకి. ఎప్పుడూ ఇచ్చేదేనండి. ఇవాళ జెండా పండగ కదా, పిల్లలకి కోడికూర. నాలుగు వందల మంది. అక్కడ ఫోను కూడా లేదండి. పదకొండింటికి పొయ్యి వెలిగిస్తారు."

కనకమహాలక్ష్మి గడియారం చూసుకుంది. పది దాటి పది నిమిషాలు.

"ఆ ఒడ్డు నా పరిధి కాదు," అంది. ఆ మాట అంటుంటే మొదటిసారి ఆమె గొంతులో బింకం సడలింది. "అక్కడి ఆఫీసుకి ఫోను చేస్తాను. సెలవు. ఎవరు ఎత్తుతారో తెలియదు. ఎత్తినా గంటలో కదులుతారని చెప్పలేను."

రేవు మలుపులో టెలిఫోను బూతు వైపు ఆమె పరుగులాంటి నడకతో వెళ్ళింది.

విజయకుమారి పంటు వైపు చూసింది. ఒడ్డుకి వేసిన పలక తీయడానికి పంటు నడిపే సరంగు వంగుతున్నాడు.

"ఆగండి బాబూ!" అంటూ నీళ్లలోకే దిగి, తడిసిన కుచ్చిళ్లతో పలక మీదికి ఎక్కేసింది.

"అక్కా!" సత్యం లేచి నిలబడ్డాడు. "నీ మాట అక్కడ ఎవరు వింటారు? నువ్వెవరో వాళ్లకి తెలీదు. ఆ వంటమనిషి వీధిలోంచే పొమ్మంటాడు."

"నీ మాట వింటాడా?"

సత్యం వెనక్కి చూశాడు. చీటీలు కట్టిన బస్తాలు. అటెండరు. బూతులో రిసీవరు చెవికి ఆనించుకుని ఇటే చూస్తున్న ఇన్‌స్పెక్టరు. వాడిప్పుడు నది దాటితే పారిపోయాడనే అంటారు. ఆ సంగతి వాడికి తెలుసు, అక్కకీ తెలుసు.

"వింటాడా వినడా చెప్పరా!"

"వింటాడు," అన్నాడు సత్యం.

సరంగు పలక లాగేశాడు. ఒడ్డుకీ పంటుకీ మధ్య జానెడు నీళ్లు, మూరెడయ్యాయి. విజయకుమారి కమ్మీ పట్టుకుని వంగి చెయ్యి చాపింది.

సత్యం చెప్పులు విడిచేశాడు.